నూట ఇరవై గంటల కాగితం

పోయిన వేసవి సెలవుల్లో మా గూడెం పిల్ల ఒకతి ఫోను పట్టుకుని మా ఇంటికొచ్చింది. డీఎడ్ చేసింది. టెట్ పాసయింది. రెండు డీఎస్సీలు రాసి కొద్ది మార్కుల్లో పోగొట్టుకుంది. ఫోనులో ఒక సర్టిఫికెట్టు చూపించింది. చుట్టూ పూల అంచు, కింద బంగారు రంగు ముద్ర, మూలన క్యూఆర్ కోడు. ఇంగ్లీష్ బోధనలో నూట ఇరవై గంటల ఆన్‌లైన్ శిక్షణ పూర్తి చేసినట్టు అందులో రాసి ఉంది.

"సారూ, ఇది ఉంటే ఇంగ్లీష్ టీచరుగా ఎక్కడైనా తీసుకుంటారంట. ఇంట్లో కూచుని ఫారిన్ పిల్లలక్కూడా చెప్పొచ్చంట. నిజమేనా?"

ఎంత కట్టావు బిడ్డా అని అడిగాం. ఏడు వేల ఐదు వందలు. సగం తునికాకు డబ్బులు, సగం అమ్మ సంఘంలో తీసిన అప్పు. ఎన్ని రోజుల్లో అయ్యింది? పదకొండు రోజులు. ఊళ్ళో సిగ్నల్ లేదు గనుక పొద్దున్నే గుట్టెక్కి వీడియోలు దించుకుని, ఇంటికొచ్చి చూసేదట. మరి పరీక్ష? "తప్పితే మళ్ళీ రాయొచ్చు సారూ, ఎన్నిసార్లైనా." పిల్లలకు పాఠం చెప్పించారా? లేదు. ఒక్క పూట కూడా ఎవరి ముందూ నిలబడలేదు.

మాకు వెంటనే నోట మాట రాలేదు. నిజమని అంటే అబద్ధమాడినట్టు. కాదని అంటే తునికాకు కట్టలు కట్టిన చేతుల ముందు ఆ మాట అనాలి. తర్వాత కాంప్లెక్స్ మీటింగులో తోటి మాస్టార్లను, టీచరమ్మలను కదిలిస్తే ప్రతి ఒక్కరికీ ఇలాంటి పిల్లో పిల్లవాడో తెలుసు. ఒకచోట అన్నదమ్ములిద్దరూ కట్టారు. ఇంకోచోట ఎంఏ ఇంగ్లీష్ చదివిన కుర్రాడు ఒకటి చాలదని రెండోది కొన్నాడు. అందుకే ఆ రోజు ఆ పిల్లకు నసిగి చెప్పిన జవాబును ఇక్కడ నసగకుండా రాస్తున్నాం.

ఆ కాగితంతో ప్రభుత్వ బడిలో ఉద్యోగం రాదు. ఇందులో మా అభిప్రాయం ఏమీ లేదు, నిబంధనే అట్లా ఉంది. విద్యాహక్కు చట్టం వచ్చాక, 2010 ఆగస్టులో ఎన్‌సీటీఈ టీచరు కావడానికి కనీస అర్హతలు ప్రకటించింది. ఒకటి నుంచి అయిదు తరగతులకు ఇంటర్, రెండేళ్ళ డిప్లొమా, టెట్. ఆరు నుంచి ఎనిమిదికి డిగ్రీ, బీఎడ్ లేదా డిప్లొమా, టెట్. ఆ తర్వాత డీఎస్సీ. రెండు రాష్ట్రాల్లోనూ పరీక్షకు 80 మార్కులు, టెట్ వెయిటేజీకి 20. ఆ నూటిలో ఆన్‌లైన్ సర్టిఫికెట్టుకు అర మార్కు కూడా లేదు. పైగా ప్రాథమిక బడిలో 'ఇంగ్లీష్ టీచరు' అనే పోస్టే లేదు. ఎస్‌జీటీ ఒక్కరే తెలుగు, లెక్కలు, ఇంగ్లీష్, పరిసరాల విజ్ఞానం అన్నీ చెప్పాలి. ఇంగ్లీష్‌కు విడిగా స్కూల్ అసిస్టెంట్ పోస్టు ఉన్నది పై తరగతులకే. దానికి డిగ్రీలో ఇంగ్లీష్, బీఎడ్‌లో ఇంగ్లీష్ మెథడాలజీ అడుగుతారు. ఏ మెథడాలజీ తీసుకోవాలో తెలియక సోషల్ తీసుకుని, తర్వాత ఆన్‌లైన్‌లో ఇంగ్లీష్ సర్టిఫికెట్టు కొని, ఇక ఇంగ్లీష్ పోస్టుకు రాయొచ్చనుకున్న పిల్లలు మా మండలంలోనే ఇద్దరున్నారు. బీఎడ్‌లో చేరే రోజు ఎవరైనా పది నిమిషాలు కూచోబెట్టి చెప్పి ఉంటే సరిపోయేది. ఆ పది నిమిషాలు మేమూ ఇవ్వలేదు.

కాగితం విషయంలో కోర్టులు ఎంత గట్టిగా ఉన్నాయో కూడా పిల్లలకు చెప్పాలి. బీఎడ్ ఉన్నా ప్రాథమిక తరగతులకు అర్హత కాదని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చింది. శిక్షణ లేకుండా అప్పటికే పనిచేస్తున్న టీచర్ల కోసం ఎన్‌ఐఓఎస్ 2017లో 18 నెలల డిప్లొమా నడిపింది. అది కేంద్ర ప్రభుత్వ సంస్థ. అయినా ఆ డిప్లొమా రెండేళ్ళ డిప్లొమాకు సమానం కాదని 2023 నవంబరులో అదే కోర్టు చెప్పింది. 2017 ఆగస్టు 10 నాటికే ఉద్యోగంలో ఉన్నవాళ్ళకు 2024 డిసెంబరులో ఊరట దొరికింది. ప్రభుత్వం నడిపిన పద్దెనిమిది నెలల చదువుకే ఈ గతి పడితే, పదకొండు రోజుల్లో గుట్ట మీద దించుకున్న దాన్ని ఏ అధికారి బల్ల మీద పెట్టగలం?

ఏకలవ్య పాఠశాలల సంగతీ అంతే. 740 బడులకు 38,800 మంది టీచర్లను, సిబ్బందిని తీసుకుంటామని 2023 బడ్జెట్లో చెప్పారు. అది విని మన పిల్లలు ఎగబడ్డారు. ఆ నియామకానికి పరీక్ష దేశమంతటికీ ఒకటే. టీజీటీకి బీఎడ్, సీటెట్ లేదా రాష్ట్ర టెట్ కావాలి. గోండు పిల్లల బడికి గోండి వచ్చిన టీచరు కావాలన్న నిబంధన మాత్రం అందులో లేదు. మొబైల్లో కొన్న కాగితానికీ చోటు లేదు, అమ్మ దగ్గర నేర్చిన భాషకూ చోటు లేదు. మొదటిదానికి చోటు లేకపోవడం సబబే. రెండోదాని గురించే మన గొడవ. దాని దగ్గరికి మళ్ళీ వస్తాం.

ప్రభుత్వ ఉద్యోగం రాకపోతే ప్రైవేటు బడి ఉంది కదా అంటారు. మా పక్క ఊరి కుర్రాడు, బీఎడ్ ఇంగ్లీష్ మెథడాలజీ, రెండు ఆన్‌లైన్ సర్టిఫికెట్లు ప్లాస్టిక్ ఫైల్లో పెట్టుకుని టౌనులో ఒక ప్రైవేటు స్కూలుకు వెళ్ళాడు. కరస్పాండెంటు ఫైలు తెరవలేదు. "సెవెంత్‌కి వెళ్ళి డెమో ఇవ్వు" అన్నాడట. నలభై మంది పిల్లలు. వీడు ప్రిపోజిషన్లు మొదలుపెట్టి, బోర్డు వైపు తిరిగి, మళ్ళీ పిల్లల వైపు తిరగడానికి భయపడ్డాడు. పది నిమిషాలకే పిలిచి కూచోబెట్టారు. ఆ ఉద్యోగం బీఎడ్ కూడా లేని టౌను అమ్మాయికిచ్చారు. కాన్వెంటులో చదువుకుంది, గలగలా మాట్లాడింది. తర్వాత వీడికి తెలిసిన ఇంకో సంగతి: చేరాక ఏప్రిల్, మే నెలల్లో అడ్మిషన్ల కోసం ఇంటింటికీ తిరగాలట, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆఫీసులో పెట్టాలట. జీతం నెలకు తొమ్మిది వేలు. మన ఏజెన్సీ నుంచి వెళ్ళినవాడికి గది అద్దె, తిండి పోను ఏం మిగులుతుందో లెక్క వేసుకోండి.

ఈ కథలో మాకు కనిపించింది ఒకటే. ప్రైవేటు బడి కొనేది నోటిని, నిలబడే ధైర్యాన్ని. కాగితాన్ని కాదు. ఆ రెండూ మన పిల్లలకు లేక కాదు. సంతలో షావుకారుతో తెలుగులో, ఇంట్లో కోయలో, బీట్ ఆఫీసరు ఎదురైతే ఇంకో తెలుగులో మాట్లాడగలిగిన పిల్లలు వీళ్ళు. కానీ ఇంగ్లీష్‌లో మనుషుల ముందు నిలబడి మాట్లాడే అవకాశం వీళ్ళకు ఒక్కరోజూ దొరకలేదు. ఆశ్రమ పాఠశాలలో లేదు, కాలేజీలో లేదు. ఆ నూట ఇరవై గంటల్లోనూ దొరకలేదు. అసలు లోటు ఎక్కడుందో సరిగ్గా అక్కడే ఆ శిక్షణ ఖాళీగా ఉంది.

శిక్షణ అంటే ఎట్లా ఉండాలో తెలియాలంటే ఒక పోలిక చాలు. కేంబ్రిడ్జి వాళ్ళ సెల్టా అనే కోర్సు ఉంది. అదీ నూట ఇరవై గంటలదే. కానీ అందులో ఆరు గంటలు నిజమైన విద్యార్థులకు పాఠం చెప్పాలి, శిక్షకుడు కూచుని చూసి తప్పులు రాసి చేతికిస్తాడు. అది ఆన్‌లైన్‌లో చేసినా ఆ ఆరు గంటలు తప్పవు. దాని ఖరీదు మన అందుబాటులో లేదు, కనుక చేరమని ఎవరికీ చెప్పడం లేదు. మన డీఎడ్‌లో ఉన్న టీచింగ్ ప్రాక్టీసూ అదే సూత్రం మీద నడుస్తుంది. టీటీసీ చదివే రోజుల్లో పాఠ్య ప్రణాళిక సరిగ్గా రాయలేదని మా లెక్చరరు పుస్తకం విసిరికొట్టేవాడు. అప్పుడు ఏడ్చాం. ఇప్పుడు తరగతిలో చేతికి అందుతున్నది ఆ ఏడుపులో నేర్చుకున్నదే.

ఇక ఫారిన్ పిల్లల మాట. ఇక్కడ పేర్ల గందరగోళం ఒకటుంది. టోఫెల్, టెఫెల్ ఒకటే అనుకుంటున్నారు చాలామంది. టోఫెల్ మన ఇంగ్లీష్ ఎంత వచ్చో చూసే పరీక్ష. 2023లో ఆంధ్ర ప్రభుత్వ బడుల్లోకీ ఆ పేరు వచ్చింది గనుక పిల్లలకు చెవిన పడింది. టెఫెల్ అంటే ఇంగ్లీష్ పరాయి భాష అయినవాళ్ళకు దాన్ని బోధించడం. ఆ మాట ఎవరి సొత్తూ కాదు. ఎవరైనా కోర్సు పెట్టొచ్చు, ఎవరైనా ముద్ర వేయొచ్చు. చైనా పిల్లలకు ఇంట్లోంచే పాఠాలు చెప్పే పని ఒకప్పుడు ప్రపంచమంతా పెద్దగా ఉండేది, ఆ గిరాకీలోనే ఇలాంటి కోర్సులూ పుట్టగొడుగుల్లా లేచాయి. 2021 జూలైలో చైనా ప్రభుత్వం ట్యూషన్ వ్యాపారం మీద వేటు వేసింది. విదేశాల్లో కూచున్న టీచర్లు అక్కడి పిల్లలకు చెప్పడం ఆపించింది. పెద్ద పెద్ద కంపెనీలే మూతపడ్డాయి. దక్షిణ కొరియా ఇంగ్లీష్ టీచర్లకిచ్చే వీసా ప్రధానంగా ఏడు దేశాల వాళ్ళకే: అమెరికా, బ్రిటన్, కెనడా, ఐర్లాండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా. అంటే వాళ్ళు ముందు చూసేది పాస్‌పోర్టు. ఆ గేటు దగ్గర బంగారు ముద్ర పనిచేయదు. ఇదంతా కోర్సు అమ్మేవాడికి తెలుసు. తెలిసే గుట్టెక్కిన పిల్లకు 'ఎక్కడైనా' అనే మాట అమ్మాడు.

ఆన్‌లైన్ చదువంటే మాకు కోపమని ఎవరూ అనుకోవద్దు. కోపపడే హక్కు మాకు అంతగా లేదు కూడా. 2020లో కరోనా వచ్చాక మా నిష్ఠ శిక్షణ దీక్షా వేదిక మీదికి మారింది. వీడియో అటు నడుస్తుంటే ఇటు అన్నం వండుకున్నవాళ్ళం మేమే. క్విజ్ జవాబులు వాట్సాప్ గ్రూపులో పంచుకున్నవాళ్ళమూ మేమే. మా దగ్గరున్న ఆ సర్టిఫికెట్లు చూస్తే మేం మహా పండితులం. తేడా ఏమిటంటే, మాకు అప్పటికే ఉద్యోగం ఉంది. ఆ కాగితం లేకపోయినా నెల తిరిగేసరికి జీతం వచ్చేది. మాకు ఆటగా నడిచిన పని ఆ పిల్లకు తునికాకు డబ్బులు తినేసింది.

నేర్చుకునేందుకైతే ఫోను మంచిదే. స్వయం వేదిక 2017 నుంచి ఉంది, పాఠాలు వినడానికి పైసా కట్టనక్కర్లేదు. హైదరాబాదులో 1958లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లీష్‌గా మొదలైన ఇఫ్లూ ఉంది. ఇంగ్లీష్ బోధనను ఒక శాస్త్రంగా చదవాలనుకున్నవాళ్ళకు దేశంలో పేరున్న చోటు అది. డిగ్రీ, పీజీ చదివే మన పిల్లల్లో ఎంతమందికి ఆ పేరు తెలుసు? గురుకుల ఉద్యోగాలకు రాసేవాళ్ళకు 2025 ఆంధ్ర డీఎస్సీలో విడిగా ఇంగ్లీష్ ప్రావీణ్య పరీక్ష పెట్టారు. అలాంటిదానికి తయారవడానికి ఫోను, ఒక పాత వ్యాకరణ పుస్తకం, చదివి వినిపించడానికి ఒక తోడు ఉంటే చాలావరకు పని జరుగుతుంది. ఇప్పటికే బడిలో పనిచేస్తున్న సీఆర్టీ ఒక మంచి ఆన్‌లైన్ కోర్సు చేస్తే మర్నాడే తరగతిలో వాడుకోగలడు. ఉద్యోగం ఉన్నవాడికి అది పనిముట్టు. లేనివాడికి దాన్నే ఉద్యోగమని అమ్ముతున్నారు.

మాకు అసలు కోపం ఇంకోచోట ఉంది. నిరుద్యోగ గిరిజన యువతకు మేలు చేస్తున్నామని ఒక శిక్షణా కేంద్రంలో పెట్టిన సభకు మేమూ వెళ్ళాం. టీ, బిస్కెట్లు, ప్రొజెక్టరు. 'నైపుణ్యాలు పెంచుకోండి, సర్టిఫికెట్లు పోగుచేసుకోండి, ఉద్యోగం మీ వెంట పడుతుంది' అని వక్త చెప్పాడు. వెనక వరుసలో ఒక కుర్రాడు లేచి, "సార్, జీవో 3 సంగతేంటి?" అని అడిగాడు. "అది ఇవాళ్టి టాపిక్ కాదు" అన్నారు.

టాపిక్ అదే. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక ఆదివాసులకే అని 2000 జనవరి 10న వచ్చిన ఉత్తర్వు అది. ఇది రాస్తున్న మాలో చాలామందికి కూడు పెట్టింది అదే. రాత్రి ఏడింటికి బస్సెక్కి మైదానానికి పోయే టీచరు స్థానంలో, అదే ఊళ్ళో పడుకుని అదే బోరు నీళ్ళు తాగే టీచరు వచ్చింది దాని వల్లే. 2020 ఏప్రిల్ 22న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని కొట్టేసింది. నూటికి నూరు శాతం రిజర్వేషన్ రాజ్యాంగానికి విరుద్ధమంది. అప్పటికే ఉద్యోగాల్లో ఉన్నవాళ్ళను షరతుల మీద కదపలేదు, అందుకే మేం మిగిలాం. మా తర్వాతివాళ్ళకు తలుపు మూసుకుంది. అప్పుడు దేశమంతా లాక్‌డౌన్‌లో ఉంది. రోడ్డు మీదికొచ్చి అడగడానికి కూడా వీల్లేదు. ఆ తర్వాత నెలల్లోనే ఈ ఆన్‌లైన్ సర్టిఫికెట్ల ప్రకటనలు మన పిల్లల ఫోన్లలోకి దిగాయి. ఈ రెంటికీ ఎవరో కుట్ర పన్ని ముడి వేశారని మేం అనడం లేదు. ఒక తలుపు మూసుకున్నాక గోడ మీద తలుపు బొమ్మ గీసి అమ్మేవాళ్ళు వస్తారని అంటున్నాం.

2014లో ఏడు మండలాలు ఆంధ్రలోకి పోయాక మాలో ఒకే ఇంటి చుట్టాలు రెండు రాష్ట్రాల డీఎస్సీలు రాస్తున్నారు. ఆంధ్ర 2025లో 16,347 పోస్టులు వేసింది, తెలంగాణ 2024లో 11,062 వేసింది. రెండువైపులా మన పిల్లలు అడిగిన ప్రశ్న ఒకటే: ఏజెన్సీ పోస్టులు ఏజెన్సీ పిల్లలకు దక్కేలా కొత్త చట్టం ఎప్పుడు? నూరు శాతం కుదరదని కోర్టు అంది. ఎంత కుదురుతుందో చెప్పి, గవర్నరు అధికారాన్నీ గిరిజన సలహా మండలినీ వాడి కొత్త నిబంధన తేవాల్సింది ప్రభుత్వాలు. ఆ ఫైలు కదిపే బదులు సర్టిఫికెట్లు పోగుచేసుకోమనడం చులకన. ఉద్యోగం రాకపోతే తప్పు పిల్లదే, ఇంకో కోర్సు చేయలేదు అని చెప్పుకోవడానికి మాత్రం అది బాగా పనికొస్తుంది.

భాష దగ్గరికి మళ్ళీ వస్తామన్నాం. కోయ పిల్లాడు ఒకటో తరగతిలో 'ఏరు' అంటే మైదానం నుంచి వచ్చిన టీచరు వాగు అనుకుంటాడు. వాడు అడిగింది తాగడానికి నీళ్ళు. మా భాషలో ఏరు అంటే నీళ్ళే. ఆ పిల్లాడికి 'వాటర్' అనే మాట తెలుగు గుండా తిప్పి నేర్పితే రెండు పరాయి మాటలు ఒకేసారి నెత్తిన పడతాయి. కోయ తెలిసిన టీచరు ఏరు నుంచి నేరుగా వాటర్‌కు పోతాడు. తెలుగును దాని పాటికి దాన్ని నేర్పుతాడు. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో ఎనిమిది గిరిజన భాషల్లో బోధన మొదలుపెట్టింది ఈ సంగతి తెలిసే. ఇప్పుడు బడులన్నిటికీ ఇంగ్లీష్ మీడియం బోర్డు పెట్టాక ఆ అవసరం ఇంకా పెరిగింది. ఇంటి భాష నుంచి ఇంగ్లీష్‌కు దారి వేయగలిగినవాళ్ళు ఈ ఏజెన్సీలో మన డీఎడ్, బీఎడ్ పిల్లలే. అయినా ఆ సామర్థ్యాన్ని కొలిచే పరీక్ష లేదు, దానికి వెయిటేజీ లేదు. సీఆర్టీ నియామకాల్లోనైనా, విద్యా వాలంటీర్ల దగ్గరైనా స్థానిక భాష వచ్చినవాళ్ళకు మార్కులు పెట్టమని ఐటీడీఏలను అడగడానికి మనకు ఎవరి అనుమతీ అక్కర్లేదు. యూనియన్లు పీఆర్సీ మీద పెట్టే పట్టులో పదో వంతు దీని మీద పెట్టినా ఈపాటికి ఏదో ఒకటి కదిలేది. మేమూ యూనియన్ మనుషులమే, ఆ మాట మమ్మల్ని కలుపుకునే అంటున్నాం.

ఆ పిల్ల విషయం ఏమైందంటే, డబ్బు తిరిగి అడుగుతూ మెయిలు పెట్టించాం. 'సర్టిఫికెట్టు జారీ అయ్యాక వాపసు లేదు' అని మర్నాడే జవాబొచ్చింది. అంత చురుగ్గా జవాబిచ్చే ఆఫీసు మేం ఇంతవరకు చూడలేదు. తర్వాత మా హెచ్ఎంతో మాట్లాడాం, బడి కమిటీ పుస్తకంలో తీర్మానం రాయించాం. డీఎస్సీకి చదువుకుంటూనే వారానికి రెండు రోజులు, రోజుకు ఒక పీరియడు, తను ఇంగ్లీష్ పాఠం చెబుతుంది. జీతం లేదు, అది మాకూ సిగ్గుగానే ఉంది. మాలో ఒకరు వెనక బెంచీలో కూచుని తప్పులు రాసి చేతికిస్తారు. మొదటి రోజు ఆమె గొంతు ముందు బెంచీ దాటలేదు. మూడో వారానికి ఒక చెంబు నీళ్ళు బల్ల మీద పెట్టి ఏరు, నీళ్ళు, వాటర్ అని మూడు మాటలతో అరగంట నడిపింది. బెల్లు కొట్టినా పిల్లలు లేవలేదు. డెమోకు పిలిస్తే వెళ్ళొచ్చే ధైర్యం వచ్చిందని ఇప్పుడు తనే అంటోంది. ఉద్యోగం ఇంకా రాలేదు.

ఇది చదివే మాస్టార్లు, టీచరమ్మలు మీ ఊళ్ళో ఇలా ఖాళీగా ఉన్న పిల్లలెవరో చూడండి. జూన్ 12న బడి తెరవగానే మా దగ్గర ఇంకో ముగ్గురు వస్తామన్నారు. ముగ్గురికీ సరిపడా పీరియడ్లు మా ఒక్క బడిలో లేవు. ఇద్దరిని పక్క బడులకు పంపాలి. ఏ తరగతి, ఏ పీరియడు ఇవ్వగలరో కాంప్లెక్స్ మీటింగులో చెప్పండి.